ఆకుపచ్చ సీసాలో నీళ్ళు

కొకురా,
నవంబరు, ఆదివారం మధ్యాహ్నం.

కినుయోకు,

ఇవావో రాస్తున్నాను. నేనిక్కడ క్షేమం. నువ్వూ మీ అక్కా ఆ దీవిలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. క్షేమం అంటే కాళ్ళూ చేతులూ ఉన్నచోటే ఉన్నాయి, వేళకు తింటున్నాను, రక్తపోటు మాత్ర మరిచిపోవడం లేదు. అంతవరకే. ఒళ్ళు మాత్రం వారం నుంచి మండిపోతోంది. ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు ‘అరవడం అయ్యాక చెయ్యి’ అని పెట్టేస్తావు. కాగితం మీద అరిస్తే పెట్టేయలేవు కదా, అందుకే ఉత్తరం.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అక్కకు తుంటి ఆపరేషన్ అయ్యాక కర్ర పట్టుకుని నడుస్తోందని, నర్సుల్ని తిడుతోందని రాశావు. తిట్టే ఓపిక వచ్చిందంటే కోలుకున్నట్టే. తొందరపడి వచ్చేయకు, ఆమె సొంతంగా మెట్లు దిగేదాకా ఉండు. నువ్వు పంపిన ఎండుచేపలూ సన్న నూడుల్సూ అందాయి. చలికాలం పరుపు ఎండలో వేశాను, గలేబు మార్చాను, తిరగేసి వేశానని తరువాత తెలిసింది, అలాగే పడుకుంటున్నాను. మా అమ్మ నీకు అప్పగించిన, కూరగాయలు ఊరేసే తవుడు జాడీని రోజూ కలుపుతున్నానా అని అడిగావు. కలిపాను. దాని సంగతి తరువాత రాస్తాను. షిగెమత్సుతో మళ్ళీ పోట్లాడానా అన్నావు. నాతోపాటు ఇన్నేళ్ళుగా టాక్సీ తోలుతున్నవాడితో పోట్లాడకపోతే ఇంకెవరితో పోట్లాడతాను? కానీ ఈసారి గొడవ వాడితో కాదు. మా ఆఫీసులో కొత్తగా వచ్చిన మేనేజరుతో. తొకునాగా అని, మన అమ్మాయి కంటే చిన్నవాడు.

కిందటి శుక్రవారం ఉదయం హాజరు అయింది. అందరం గొట్టంలోకి ఊది, తాగలేదని చూపించుకున్నాం. తాళాలు తీసుకుని కదులుతుంటే వాడు ఇంటిపేరు పెట్టి పిలిచాడు. పక్కకు పిలిచి చెప్పవచ్చు కదా, అందరి ముందే మొదలుపెట్టాడు.

“నెజు గారూ, ఒక్క నిమిషం. నిన్న మీ బండి ఎక్కిన ఒకావిడ ఫోన్ చేశారు. వాసనకి కడుపులో తిప్పిందట. అందుకే సగం దారిలో దిగిపోయారట.”

“దిగింది. ఎవరో స్నేహితురాలు కనబడింది, ఇక్కడే ఆపమంది. ఆపాను.”

“స్నేహితురాలెవరూ లేరండీ. మర్యాదకి అలా అన్నారు.”

“అయితే ఏమంటావు?”

“ఏమీ అనుకోకండి. మీ టానిక్కు, గడ్డానికి రాసుకునే ఆ లోషను... ఈ కాలం వాళ్ళకి పడవండీ. పాత సెలూన్ తలుపు తీసినట్టుంటుంది.”

వెనక షిగెమత్సు కిసుక్కున నవ్వాడు. “తలుపా? వీడు వస్తుంటే రెండు వీధుల అవతల్నుంచే తెలుస్తుంది. వీడి బండికి హారన్ దండగ.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. తొకునాగా బల్ల సొరుగులోంచి ఒక డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. వాసనలు పోగొట్టేదట. సీట్ల మీద కొట్టాలట. నా మీద కూడా కొట్టుకోవాలని నోటితో అనలేదు, కళ్ళతో అన్నాడు.

“సోమవారం నుంచి ఏ వాసనా లేకుండా రండి నెజు గారూ. లేకపోతే బండి ఇవ్వలేను. కొన్నాళ్ళు బండ్లు కడిగే షెడ్డులో చేయాల్సి వస్తుంది.”

నన్ను! కడిగే షెడ్డులో! కినుయో, నా ఒంటి మీద ఎప్పుడైనా మాసిన చొక్కా చూశావా? బండి ఎక్కే ముందు గడ్డం గీసుకోకుండా ఒక్కరోజు వెళ్ళానా? తలకు టానిక్కు, జుట్టు నిలవడానికి మైనం కడ్డీ, చెంపలకు ఆకుపచ్చ సీసాలోని లోషను. మీసం వచ్చిన కొత్తలో మా నాన్న నా చేతికిచ్చినవి. అప్పట్లో తంగా బజారులో నువ్వు చేపల వడలు వేయిస్తూ, వెనక్కి తిరగకుండానే ‘ఆకుపచ్చ సీసా వచ్చాడు, వేడివి కట్టివ్వండి’ అనేదానివి. అక్కడున్న అమ్మాయిలందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వుకు నేను మురిసిపోయాను. ఈ నవ్వుకు మాత్రం చచ్చిపోవాలనిపించింది. ఒకే సీసా, రెండు నవ్వులు.

అయినా ఉద్యోగం కదా. ఏమీ రాసుకోకుండా బయటికి వెళ్ళడమంటే నాకు పంట్లాం లేకుండా వెళ్ళినట్టు. సరే, పాతది పడకపోతే ఈ కాలం వాళ్ళకు పడేదేదో కొనుక్కుందామని శనివారం స్టేషను దగ్గర పెద్ద దుకాణానికి వెళ్ళాను. మగవాళ్ళ అత్తర్లకు ఒక అంతస్తులో సగం ఇచ్చారు. పాత జపాను సుగంధాలంటూ కొయ్య అరల్లో చిన్న చిన్న సీసాలు పేర్చారు. అమ్మే పిల్ల బొట్టుబొట్టుగా కాగితం ముక్కల మీద కొట్టి అందించింది.

“ఇది హినోకి చెక్క అండీ. కొత్త స్నానాల తొట్టెలో కూర్చున్నట్టుంటుంది.”

వాసన చూశాను. కాగితం.

“ఏమీ లేదే?”

“చాలా సున్నితంగా ఉంటుందండీ. అదే దీని గొప్పతనం.”

“సున్నితం కాదమ్మా. నీళ్ళు.”

పాపం, ఓపికగల పిల్ల. యుజు నిమ్మ అంది, గంధం అంది, వాన పడ్డాక టీ తోట అంది. ఒక్కొక్కటీ ముందుదానికంటే గట్టిగా కొట్టింది. చివరికి కర్పూరంతో చేసినదొకటి తెచ్చి నా మణికట్టు మీద రెండుసార్లు కొట్టింది. పక్కన కోటు వేసుకున్న పెద్దమనిషి తుమ్ముకుంటూ అవతలి వరుసకు పోయాడు. నేను మాత్రం, “ఇంకా ఘాటుది లేదా?” అన్నాను.

“ఇంతకంటే ఘాటంటే... ఇక మందుల షాపులో అడగాలండీ,” అంది నవ్వు ఆపుకుంటూ.

నాకు కోపం వచ్చింది. అద్దాల అరల్లో, పట్టు దారాలు కట్టి, ఇంతింత ధర పెట్టి నీళ్ళు అమ్ముతున్నారా అని గట్టిగానే అన్నాను. కాలమే ఇలా తయారైంది, మగవాడు మగవాడిలా ఉండకూడదు, సెలవు పెట్టిన దయ్యంలా వచ్చామా పోయామా తెలియకూడదు అని కూడా అన్నాను. ఆ పిల్ల వంగి వంగి నమస్కరించింది. నేను ఏమీ కొనకుండా వచ్చేశాను.

తిన్నగా ఒగుషి సెలూనుకు వెళ్ళాను. వాడు నాకు బడి నాటి స్నేహితుడు, వాడి ముందు నాకు సిగ్గేమిటి? జరిగిందంతా చెప్పాను. ఒగుషి నన్ను కుర్చీలో వాల్చి, మెడకు తెల్లగుడ్డ కట్టి, వేడి తువ్వాలు వేసి, నురుగు పూసి, ఒక చెంప గీశాడు. గీస్తూ, “నీ లోషను వదలడం ఎందుకురా, అలాంటివే కాస్త మెత్తనివి ఉన్నాయి, చూద్దాం,” అన్నాడు. అద్దం కింద సీసాలు వరుసగా పెట్టాడు. వాడి తండ్రి నాటివి కూడా ఉన్నాయి. ఒక్కొక్కటీ అరచేతిలో పోసుకుని నా ముక్కు కింద పెట్టాడు.

“ఇది కమేలియా నూనె కలిపినది. ఎలా ఉంది?”

“బాగుంది. ఆడవాళ్ళ వాసన కాస్త.”

“ఇది?”

“ఇది మెత్తగా ఉంది. తొకునాగా ఏమీ అనడు.”

“మరి ఇది?” అని గీతలు గీతలుగా ఉన్న పాత ఆకుపచ్చ సీసా వంచాడు.

“ఆ! ఇదీ మగవాడి వాసనంటే. అచ్చం నాదే. ఇప్పుడు ఇలాంటిది ఎవడు చేస్తున్నాడు?”

ఒగుషి చెయ్యి ఆగిపోయింది. అద్దంలో నా మొహంలోకి చూశాడు.

“అవి నీళ్ళురా ఇవావో.”

“ఏమిటి?”

“వట్టి సీసా పారేయబుద్ధి కాక, జుట్టు తడపడానికి కుళాయి నీళ్ళు పోసి పెట్టుకున్నాను. నువ్వు లోపలికి వచ్చినప్పుడే అనుమానం వచ్చింది. ఇంత పోసుకుని మనిషన్నవాడు నిలబడలేడు. వాడి ముక్కే వాణ్ణి ఊరుకోనివ్వదు.”

“నన్ను పరీక్షిస్తావా!”

“కూర్చో. సగం గడ్డం ఉంది.”

“ఉండనీ!”

లేచి వచ్చేశాను. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురుగుతో, మెడకు తెల్లగుడ్డతో, బజారు మధ్యలోంచి నడిచాను. టోఫూ కొట్టావిడ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని చూసింది. వెనక నుంచి ఒగుషి, “గుడ్డయినా ఇచ్చిపోరా!” అని అరుస్తున్నాడు. ఇవ్వలేదు. ఇంకా ఇక్కడే ఉంది. వాడు నన్ను నవ్వులపాలు చేయడానికే ఆ పని చేశాడని, ఏ సీసాలో నీళ్ళు పోసినా అంతేనని, నాకు నేనే చెప్పుకుంటూ ఇంటికి చేరాను.

సోమవారం. తలకు ఏమీ లేదు, చెంపలకు ఏమీ లేదు. సబ్బు కూడా వాడలేదు. హాజరు దగ్గర తొకునాగా నా పక్కగా నడిచి, ముక్కు కాస్త ఎగరేసి, తల ఊపి తాళం ఇచ్చాడు. కుక్కను చూసినట్టు! పళ్ళు నూరుకుంటూ బండి తీశాను.

అదచి కొండ వాలులో ఒక పెద్దాయనా కూతురూ ఎక్కారు, ఆసుపత్రికి. ఆయన చేతిలో కర్ర. కూతురికి నలభై ఏళ్ళుంటాయి, మాస్కు పెట్టుకుంది. కొంచెం దూరం పోయాక ఆమె మెల్లగా అంది, “డ్రైవర్ గారూ, ఏదో వాసన...”

అంతే, తెగింది.

“ఇవాళ నేనేమీ రాసుకోలేదమ్మా! సబ్బు కూడా ముట్టలేదు. వట్టి నీళ్ళతో కడుక్కుని వచ్చాను! ఇంకేం చెయ్యమంటారు, చర్మం వలుచుకుని రమ్మంటారా? మీకు మనిషే పడకపోతే నడిచి వెళ్ళండి!”

అద్దంలో ఆమె బిక్కచచ్చిపోవడం కనిపించింది. అప్పుడు ముసలాయన కర్రతో నా సీటు వీపు మీద ఠంగున కొట్టాడు.

“ఓరి మొండివాడా! నీ సంగతి ఎవడడిగాడు? గ్యాసు! కుళ్ళిన ఉల్లిపాయల కంపు! బండి ఆపు!”

మురసాకి వంతెన ఎక్కబోయే చోట ఎడమకు తీసి ఆపాను. ఇంజను కట్టేశాను. వెనక తలుపు తెరిచే మీట లాగాను. ఆయన కాళ్ళు కదపలేకపోతుంటే వీపున ఎక్కించుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, కాలిబాట మీద దూరంగా చెట్ల దాకా తీసుకుపోయాను. వెనక్కి వచ్చి డిక్కీ తీశాను. అప్పుడు వినిపించింది, కినుయో. ముక్కుకు కాదు, చెవికి. బండిని నడిపే గ్యాసు ట్యాంకు దగ్గర గొట్టం అతుకులోంచి పాము బుస కొట్టినట్టు సన్నగా. మర బిగించేలోపు వంతెన మీద నుంచి ఒకడు సిగరెట్టు కాలుస్తూ వస్తున్నాడు. నేను పెట్టిన కేకకు వాడి నోట్లోంచి సిగరెట్టు ఊడి నదిలో పడింది. నా కోపం నా బతుకులో ఉపయోగపడింది ఆ ఒక్కసారే.

ఎవరికీ ఏమీ కాలేదు. ఫైరింజను వచ్చింది, దారి మూశారు, తెరిచారు. కానీ ఆ కూతురు, భయం తీరాక, ఏడుస్తూ నా మీదికి వచ్చింది.

“ఎక్కినప్పటి నుంచీ వస్తోంది! అంత వాసన! మీకు తెలియలేదా? మీకు తెలిసే ఉంటుందని, బాగుండదని, చాలాసేపు ఊరుకున్నాను. డ్రైవర్ మీరు కదా!”

నేనేమన్నానో తెలుసా? “జలుబు,” అన్నాను. ముసలాయన నా వైపు ఒక్క చూపు చూశాడు.

బండిని ఈడ్చుకుపోవడానికి వచ్చిన మెకానిక్కు ఆ అతుకు చూసి, ఇది ఇవాళ్టిది కాదు, రోజుల తరబడి కొంచెం కొంచెంగా కారుతోంది అన్నాడు. రోజుల తరబడి! నాకు తటాలున ఆవిడ గుర్తొచ్చింది. సగం దారిలో దిగిపోయినావిడ. అదే బండి.

ఆఫీసులోకి ఎలా వెళ్ళానో నాకు తెలియదు. తలుపు గోడకు కొట్టుకుని గడియారం ఒరిగింది. భోజనాల వేళ, సగంమంది అక్కడే ఉన్నారు.

“తొకునాగా! ఆ రోజు ఫోన్ చేసినావిడ ఏమంది? నీ మాటల్లో కాదు, ఆవిడ మాటల్లో చెప్పు!”

“అదే నెజు గారూ, మీ వాసన—”

“నా వాసన అందా?”

వాడు ఫోన్లు తీసుకునే ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నీళ్ళు నమిలింది. “బండిలో వాసన వస్తోంది, తల తిరుగుతోంది, ఒకసారి చూసుకోండి అన్నారండీ. డ్రైవర్ గారని... అనలేదు.”

“చూసుకోండి అంది! విన్నారా? బండి చూసుకోండి అంది! నువ్వు బండి చూశావా? డిక్కీ తీశావా? నా తల చూశావు, నా చెంపలు చూశావు! ముసలివాడు దొరికాడు, చాల్లే అనుకున్నావు! ఇవాళ ఆ వంతెన మీద ముగ్గురం బుగ్గయిపోయి ఉంటే, మా బొగ్గుల మీద కొట్టేవాడివా నీ వాసన డబ్బా?”

చాలాసేపు అరిచాను. అంత హాయిగా నేనెప్పుడూ అరవలేదు. తొకునాగా మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి, నడుము పూర్తిగా వంచి, “తప్పు నాది. క్షమించండి,” అని, అలాగే వంగి ఉండిపోయాడు. షిగెమత్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, “హారన్ మాట వెనక్కి తీసుకుంటున్నానురా,” అన్నాడు. ఎవరో కుర్చీ వేశారు, ఎవరో టీ పోశారు. ప్రయాణికుల ప్రాణాలు కాపాడిన మనిషినట నేను. మర్నాడు హాజరు దగ్గర అందరి ముందు సన్మానం చేస్తారట.

ఇక్కడిదాకా చదివి నువ్వు, ‘బాగా చేశావు’ అనుకుంటూ ఉంటావు. అనుకోకు. దాచిపెట్టింది ఇప్పుడు చెబుతున్నాను.

ఒగుషి చెప్పింది నిజం. నాకు వాసన తెలియదు, కినుయో. కిందటి చలికాలం ఆ జ్వరం వచ్చి వారం పడుకున్నానే, అప్పటి నుంచి ఏమీ తెలియదు. జలుబు తగ్గితే అదే వస్తుందనుకున్నాను. వసంతం వచ్చింది, ఎండలు వచ్చాయి, రాలేదు. టానిక్కు పోసుకుంటే నెత్తి మీద చల్లదనం మాత్రం తగిలేది. ఆ చల్లదనమే వాసన అనుకుని ఇంకాస్త పోసుకున్నాను, ఇంకాస్త. తొకునాగా మాట సగం నిజమే, నేను కంపుకొడుతూనే తిరిగాను. ఆ శనివారం సగం గడ్డంతో ఇంటికి వచ్చి, వంటింట్లో ఉన్నవన్నీ మూతలు తీశాను. వెనిగరు, మిసో, వెల్లుల్లి, సోయా. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ ముక్కుకు ఆనించాను. ఏది ఏదో తెలియలేదు. కోపంతో మిసో డబ్బా గోడకేసి కొట్టాను. మరక ఇంకా పోలేదు.

తవుడు జాడీ కూడా. రోజూ కలిపిన మాట నిజం. ముక్కు లేకుండా కలిపాను. పక్కింటి హమసాకి గారు వరండాలోంచే వాసన పట్టి, తలుపు కొట్టి, “నెజు గారూ, లోపల ఏదైనా చచ్చిందా?” అని అడిగింది. పైన బూజు, లోపల పులుపు. మా అమ్మ, నువ్వు, ఇన్నేళ్ళు బతికించినదాన్ని నేను ఒక్క శరదృతువులో చంపబోయాను. ఆవిడ పైపొర తీసిపారేసి, కొత్త తవుడూ ఉప్పూ వేసి తన ఇంట్లో పెట్టుకుంది. బతుకుతుందట, భయపడకు. కానీ నేను వేరే విషయానికి భయపడ్డాను. నీకెందుకు చెప్పలేదో కూడా చెబుతాను. నువ్వు దీవికి బయలుదేరిన రోజున, రేవులో, నీ మెడ దగ్గర మొహం పెట్టాను. నలుగురిలో ఏమిటిదని తోసేశావు. నువ్వు పొద్దున్నే నూనెలో చేప వడలు వేయించి మూట కట్టుకున్నావు, కొత్త సబ్బుతో స్నానం చేశావు. నాకు ఏమీ రాలేదు. గోడ దగ్గర మొహం పెట్టినట్టుంది. ఇంతకాలం కాపురం చేసిన మనిషి దగ్గర గోడ. అది నోటితో ఎలా చెప్పను?

నీ కోపం ముక్కు మీదే ఉంటుంది అంటావు నాతో. ఇప్పుడు నా కోపమంతా ఆ ముక్కు మీదే.

మంగళవారం ఉదయం హాజరు. తొకునాగా ఇస్త్రీ కోటు వేసుకుని వచ్చాడు. ఆ పెద్దాయన కూతురు ఫోన్ చేసిందట, మా నాన్నను వీపు మీద మోసిన డ్రైవరుకు కృతజ్ఞతలు చెప్పండి అని. అందరూ చప్పట్లు కొట్టారు. పూలగుత్తి ఒకటి. తీసుకోబోతే నిన్నటి ఆమె ఏడుపు చెవిలో మోగింది. మీకు తెలియలేదా అని. నేను పూలు తీసుకోలేదు.

“నాకు వాసన తెలియదు,” అన్నాను. “జలుబు కాదు. జ్వరం నాటి నుంచి. ఆ గ్యాసు బండిలో నేను రోజుల తరబడి జనాన్ని తిప్పాను. ఆ అమ్మాయి నోరు తెరిచి చెప్పకపోతే, నేను తిట్టి దింపేసి, తరువాతి మనిషిని ఎక్కించుకునేవాణ్ణి. ఇదిగో తాళం.”

బల్ల మీద పెట్టాను. నవ్వుతారనుకున్నాను, ముఖ్యంగా షిగెమత్సు. వాడు నేల చూస్తున్నాడు. టోపీ తీసి, తిప్పి, మళ్ళీ పెట్టుకుని, ముందుకు వచ్చాడు. జేబులోంచి తాళం తీసి నా తాళం పక్కన పెట్టాడు.

“నాకూ అంతే.”

“ఏమిటిరా?”

“నాకూ తెలియదు. అదే జ్వరం.”

“మరి నా వాసన రెండు వీధుల అవతల్నుంచి తెలుస్తుందన్నావు కదరా, వెధవా!”

“అందరూ అంటుంటే నేనూ అన్నాను. అనకపోతే తెలిసిపోతుందని.”

వాడి గొంతు పట్టుకుందామనుకున్నాను. వాడి కళ్ళు చూసి ఊరుకున్నాను. వెనక వరుసలోంచి ఇంకొకడు, నాతో ఎప్పుడూ మాట్లాడనివాడు, మెల్లగా వచ్చి తాళం పెట్టాడు. తొకునాగా తెల్లబోయాడు.

“మీరంతా... ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“చెబితే బండి ఇస్తావా?” అన్నాడు షిగెమత్సు.

తొకునాగా మూడు తాళాలనూ మార్చి మార్చి చూశాడు. జవాబు నేనిచ్చాను. ప్రతి డిక్కీలో గ్యాసు కారితే కూతపెట్టే పెట్టె బిగించండి, ప్రతి అతుకూ విప్పి చూడండి, అది అయ్యేదాకా ఈ తాళాలు ఇక్కడే ఉంటాయి అన్నాను. అరిచాను అనే రాయాలి. అప్పుడు ముక్కు బాగున్నవాళ్ళు కూడా వచ్చి తాళాలు పెట్టడం మొదలుపెట్టారు. బల్ల నిండింది. తొకునాగా యజమాని గదికి పరిగెత్తాడు. యజమాని, నెమ్మదిగా చూద్దాం అన్నాడట. చూద్దామని మేమూ కూర్చున్నాం. బండ్లన్నీ ఆవరణలోనే ఉన్నాయి. ఫోన్లు మోగాయి, మోగాయి. ఆ ఫోన్ల ఆవిడ చివరికి రిసీవరు తీసి పక్కన పెట్టి, ఎవరినీ అడగకుండా అందరికీ టీ పెట్టింది. మధ్యాహ్నం లోపలే యజమాని దిగివచ్చాడు. యజమానితో పైన గట్టిగా వాదించింది తొకునాగాయేనని తరువాత తెలిసింది. వాడి మీద కోపం కొంచెం తగ్గించుకున్నాను. పూర్తిగా కాదు.

పెట్టెలు బిగించారు. ఇంకో బండిలోనూ అతుకు వదులుగా ఉందని తేలింది. మా ముగ్గురికీ బండ్లు తిరిగి ఇచ్చారు, పొద్దున్నే బండి తీసేముందు ముక్కున్నవాడు ఒకడు డిక్కీ వాసన చూడాలన్న షరతుతో. నేను తెల్లారే వచ్చి తొకునాగానే పిలుస్తున్నాను. నా తల వాసన చూసినవాడు డిక్కీ వాసనా చూడాలి కదా. వంగి చూస్తున్నాడు.

ముక్కు డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. తెలిసిన వాసనలు నాలుగు తెచ్చుకుని పొద్దునా సాయంత్రం మనసు పెట్టి చూస్తూ ఉండాలట. ‘ఈ వయసులో’ అని మొదలుపెట్టాడు, నా మొహం చూసి ఆపేశాడు. సంగతి విని ఒగుషి సీసాలు పంపించాడు. కర్పూరం, కమేలియా, గంధం, నా లోషను. ఈసారి ఏదీ నీళ్ళు కాదని మూతల మీద తన పేరు రాసి పంపాడు.

నువ్వు ఇది చదివి ఓడ ఎక్కి వచ్చేయకు. వస్తే నేనే తిరిగి ఓడ ఎక్కిస్తాను. తిట్టాలనుకుంటే బాగా తిట్టి రాయి, మీ అక్క చేత కూడా రాయించు.

ఇది రాస్తుండగా షిగెమత్సు నా ఎదురుగానే ఉన్నాడు. సెలవు రోజు కదా, డబ్బా భోజనం కట్టుకుని వచ్చాడు. ఇద్దరం కళ్ళకు తువ్వాళ్ళు కట్టుకుని సీసాలు మార్చుకుంటూ కూర్చున్నాం. ఇది గంధం అంటాడు వాడు, కాదు కర్పూరం అంటాను నేను, ఇద్దరికీ ఏమీ తెలియదు, అరుపులకు హమసాకి గారు గోడ మీద బాదుతోంది. ఇప్పుడే వాడు ఎగిరి లేచాడు. “తగిలిందిరా! ఒక్క క్షణం! సూది మొనంత!” అని అరుస్తున్నాడు. అబద్ధం అనుకున్నాను. కానీ వాడి కళ్ళలో నీళ్ళు ఉన్నాయి, షిగెమత్సు నాటకాలాడేవాడే గాని ఏడ్చేవాడు కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి చేతిలోంచి సీసా లాక్కుని ముక్కుపుటాలు మండేదాకా పీల్చాను. ఏమీ లేదు. మళ్ళీ పీల్చాను. ఏమీ లేదు. వాడికి వచ్చి నాకు రాకపోవడం ఏమిటి, కినుయో? వాడు టాక్సీలో చేరినప్పటి నుంచీ అన్నిటిలోనూ నా వెనకే. ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను. వాడు చెయ్యి చాపుతున్నాడు, సీసా ఇవ్వను.

ఇట్లు,
ముక్కు పోయినా కోపం పోని
నీ భర్త
ఇవావో